దానం రాసిపెట్టే వేళ

(కందుకూరి వీరేశలింగం స్మృతిలో సికింద్రాబాద్‌లో చేసిన ఉపన్యాసం)



వీరేశలింగం పంతులు గారి స్మారకోపన్యాసం అనగానే వితంతు వివాహాల గురించో, రాజశేఖర చరిత్రం గురించో, వివేకవర్ధని గురించో మాట్లాడటం ఆనవాయితీ. వాటి గురించి నాకంటే చక్కగా చెప్పగలవాళ్లు ఈ సభలోనే కూర్చున్నారు. నా వృత్తి వేరు. సివిల్ కోర్టు వరండాల్లో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బెంచీల మీద నా వయసంతా గడిచింది. అందుకని పంతులు గారి పేరు వినగానే నాకు కావ్యాలు, నవలలు గుర్తుకు రావు. తన యావదాస్తినీ హితకారిణీ సమాజానికి అప్పగిస్తూ ఆయన చేసిన ఏర్పాటు గుర్తుకొస్తుంది.

1906 డిసెంబరులో రాజమండ్రిలో ఆ సమాజం పెట్టారు. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు. భార్య రాజ్యలక్ష్మమ్మ గారు ఉన్నారు. పిల్లలు లేరు. అలాంటి పరిస్థితిలో ఉన్న పెద్దమనిషి మామూలుగా ఏం చేస్తాడు? వీలునామా రాసి బీరువాలో పెట్టుకుంటాడు, లేదా రేపు రాద్దాంలే అనుకుంటాడు. పంతులు గారు ఆ రెండూ చేయలేదు. కలిగినదాన్ని బతికుండగానే సమాజం పరం చేశారు. 1919 మే 27న కన్నుమూసేదాకా, అంటే పన్నెండేళ్లకు పైగా, తన దానం ఎలా నడుస్తోందో తన కళ్లతోనే చూసుకున్నారు. సమాజం నడిపే శరణాలయానికి నెలకు ఎంత ఖర్చవుతుంది, బడికి ఏటా ఎంత తక్కువ పడుతుంది, సభ్యుల్లో ఎవరు పని చేస్తారు, ఎవరు పేరుకే ఉంటారు, ఇవన్నీ దాతకు తెలిసే అవకాశం అలా ఇచ్చినప్పుడే ఉంటుంది. వీలునామాతో ఇచ్చేవాడు ఈ లెక్కలేవీ చూడలేడు.

ఒక విడ్డూరం కూడా చెప్పుకోవాలి. విగ్రహారాధనను ఒప్పుకోని ఆ మనిషి పెట్టిన సమాజం కాలక్రమాన దేవాదాయ ధర్మాదాయ శాఖ పర్యవేక్షణలోకి వచ్చింది. ఆయన వింటే ఏమనేవారో ఊహించుకోవచ్చు, ఆయన నోరు మనకు తెలిసిందే. అయినా బడి ఉంది, కాలేజీ ఉంది, పేరు ఉంది. దాత పోయి నూరేళ్లు దాటాక ఇంత మిగలడం మన దేశంలో చిన్న సంగతి కాదు.

మనవాళ్లకు ఇచ్చే మనసు తక్కువేమీ లేదు. ఎవరికి, దేనికి, ఎవరి చేతుల మీదుగా అన్నది తేల్చి రాయకపోవడం వల్లే మన దానాలు దారి తప్పుతున్నాయి. ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా దీనికి సాక్ష్యం.

పచ్చయప్ప మొదలియార్ పేరు విననివాళ్లు ఉండరు. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మద్రాసులో దుబాసీగా సంపాదించి, 1794 మార్చిలో వీలునామా రాసి, అదే నెలలో పోయారు. దేవాలయాల సేవలకు, అన్నదానాలకు ఇవ్వమన్నారు. రాసిన చేతికీ పోయిన ప్రాణానికీ మధ్య ఉన్నది రోజుల ఎడమే. ఆ తర్వాత ఆస్తి అమలు చేయాల్సినవాళ్ల చేతుల్లో చిక్కుకుంది, కోర్టుకెక్కింది. ఆ ధనంతో మద్రాసులో పాఠశాల తలుపులు తెరుచుకున్నది 1842లో. దాత పోయిన 48 ఏళ్లకు! రెండు తరాల పిల్లలు చదువుకోవాల్సిన కాలం వ్యాజ్యంలో పోయింది. చివరికి ఆ ధర్మం నిలబడింది, గొప్ప కళాశాల అయింది, అది వేరే మాట. అడ్వొకేట్ జనరల్‌గా ఉన్న జార్జ్ నార్టన్ లాంటివాళ్లు పట్టించుకోకపోతే అదీ జరిగేది కాదు. మీ వీలునామా కోసం ఒక అడ్వొకేట్ జనరల్ దిగివస్తాడని ఆశ పెట్టుకోకండి.

దగ్గరి ఉదాహరణ మూసీ ఒడ్డునే ఉంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949 మార్చి 2న పోయారు. పెళ్లి లేదు, సంతానం లేదు, ఇల్లు నిండా ప్రపంచమంతటి నుంచి కొనుక్కొచ్చిన కళాఖండాలు ఉన్నాయి. అవి ఏం కావాలో కాగితం మీద పెట్టి పోలేదు. ఎస్టేటు కమిటీ వచ్చింది, వారసుల హక్కుల తగువు వచ్చింది. 1951 డిసెంబరు 16న దివాన్ దేవ్డీలో నెహ్రూ మ్యూజియం ప్రారంభించినా, ఆ వస్తువుల మీద హక్కు తేలడానికి 1958లో వారసులతో రాజీ కుదరాల్సి వచ్చింది. 1961లో పార్లమెంటు చట్టం చేసింది. ఇవాళ మనం పిల్లల్ని తీసుకెళ్లి ఆ గంటల గడియారం చూపిస్తున్నామంటే అది వారసులు, ప్రభుత్వం, కోర్టు ఒక దారికి రావడం వల్ల. అదృష్టం బాగుంది. అదే సేకరణ వేలాల్లో చెదిరిపోయి ఉంటే ఎవర్ని అడుగుతాం?

దీనికి ఎదురుగా కోరంగిలో పుట్టి రంగూన్ వెళ్లి సంపాదించిన మల్లాడి సత్యలింగం నాయకర్ గారిని పెట్టి చూడండి. ఆయనా వీలునామాతోనే ఇచ్చారు. కాకినాడ జగన్నాథపురంలో ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ పేరుతో చదువులకు, అన్నదానానికి ఆ ఆస్తి ఈనాటికీ పనికొస్తోంది. ఏ పనులకు ఖర్చు పెట్టాలో ముందే చెప్పి ఉండటం వల్ల తర్వాతివాళ్లకు ఊహించుకునే పని తగ్గింది.

ఇక మన ఊరు. నిజాం సికిందర్ జా పేరు మీద 1806లో పేరు పడ్డ ఈ ఊరు సగం దండు, సగం బజారు. ఇక్కడ డబ్బు చేసుకున్నవాళ్లు రకరకాల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, ఇచ్చినవాళ్లూ వాళ్లే. 1847లో పెస్తన్‌జీ, విక్కాజీ మెహర్‌జీ సోదరులు పార్శీల అగ్ని ఆలయం కట్టించారు. 1862లో సోమసుందరం మొదలియార్ గారు మహబూబ్ కాలేజీగా ఎదిగిన పాఠశాలకు పునాది వేశారు. 1893 ఫిబ్రవరి 13న వివేకానందుడు అమెరికా వెళ్లకముందు మాట్లాడింది అక్కడే. 1897లో గడియార స్తంభం లేస్తే దానికి గడియారం ఇచ్చింది వ్యాపారి సేఠ్ లక్ష్మీనారాయణ రాంగోపాల్. 1930లలో వెలసిన బన్సీలాల్‌పేటకు దాత బన్సీలాల్ సేఠ్ పేరే మిగిలింది. అక్కడి మెట్లబావిని పూడిక తీసి 2022లో మళ్లీ నీళ్లతో చూపించారు.

ఈ ఊరి వాళ్లం గడియార స్తంభం గురించి ఒక మాట ఒప్పుకోవాలి. ఆ గడియారం ఎన్నిసార్లు ఆగిందో, ఎన్నిసార్లు బాగు చేశారో మనందరికీ తెలుసు. గడియారం ఇవ్వడం ఒక దానం. దానికి తాళం తిప్పే మనిషికి ఏటేటా జీతం ఏర్పాటు చేయడం మరో దానం. మన వీలునామాల్లో మొదటిది కనిపిస్తుంది, రెండోది కనిపించదు. ఆసుపత్రికి డయాలిసిస్ యంత్రం ఇస్తారు, దాన్ని నడిపే టెక్నీషియన్ సంగతి రాయరు. లైబ్రరీకి నాలుగు బీరువాల పుస్తకాలు ఇస్తారు, గది అద్దె రాయరు.

మారేడుపల్లి, పద్మారావు నగర్, తార్నాక, సైనిక్‌పురి వైపు ఇళ్లలో ఇప్పుడు ఎవరున్నారో మీకు తెలుసు. డెబ్బై దాటిన దంపతులు, రెండంతస్తుల ఇల్లు, ఒక కొడుకు డాలస్‌లో, ఒక కూతురు సిడ్నీలో. పిల్లలకు ఆ ఇల్లు అక్కర్లేదు, వాళ్లే ఆ మాట చెబుతున్నారు. ఏదైనా మంచి పనికి రాసేయండి నాన్నా అంటున్నారు. ఇలాంటి పెద్దలు నా దగ్గరికి వచ్చినప్పుడు మొదటి మాటగా, "నామినీ పేరు పెట్టాం కదండీ, చాలదా?" అని అడుగుతారు. చాలదు. బ్యాంకులో డబ్బు అందుకునే మనిషి నామినీ, అంతే. యజమాని కాడు. బీమా విషయంలో 1983 డిసెంబరులో సర్బతీ దేవి కేసులోనూ, షేర్ల విషయంలో 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. నామినీగా అనాథాశ్రమం పేరు పెట్టినంత మాత్రాన డబ్బు దానిదైపోదు, వారసులు వచ్చి అడగవచ్చు.

ఎవరూ అడగకపోతే? పదేళ్లు కదలని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉన్న నిధికి పోతాయి. 2024 మార్చి ఆఖరుకు ఆ నిధిలో ఉన్నది 78,213 కోట్ల రూపాయలు. అందులో కొంతైనా ఏదో ఒక బడికి, ఏదో ఒక ఆసుపత్రికి ఇద్దామని ఎవరో మనసులో అనుకున్న డబ్బే అయి ఉంటుందని నా నమ్మకం. వెతుక్కోవడానికి ఇప్పుడు ఉద్గమ్ అనే పోర్టల్ ఉంది, వారసుడికి సంగతి తెలిస్తే కదా వెతికేది!

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకునే వీలు కూడా చట్టం ఇచ్చింది, దాన్ని వాడుకునేవాళ్లు ఎంత తక్కువో! కనీసం ఇద్దరు సాక్షులు కావాలి, మీరు సంతకం చేయడం వాళ్లు చూడాలి, వాళ్లు మీ ఎదుట సంతకం చేయాలి. సాక్షులుగా మీ తోటి వయసువాళ్లను పెట్టుకోకండి. మీతో పాటు వాకింగ్‌కు వచ్చే రిటైర్డ్ ఇంజనీరు గారు మంచివారే, కానీ వీలునామా కోర్టులో రుజువు చేయాల్సిన నాటికి ఆయన ఉండాలి కదా. దానం అందుకునే సంస్థ మనుషుల్ని సాక్షులుగా పెట్టకండి, అనుమానం అక్కడే మొదలవుతుంది. అనుమానం అన్నాను కనుక ఇంకో మాట. వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దగ్గర్నుంచీ, దగ్గరి వారసుల్ని కారణం లేకుండా పక్కన పెట్టడం కోర్టు కన్ను చిట్లించి చూసే విషయం. కొడుక్కి ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో రెండు వాక్యాల్లో రాయండి. అతని చదువుకు, ఇంటికి ఇంతకు ముందే ఇంత ఇచ్చాను, ఇప్పుడు అతనికి అవసరం లేదు అని రాస్తే చాలు. కోపం రాయకండి.

ఈ ఊళ్లో హిందువు రాసిన వీలునామాకు ప్రొబేట్, అంటే అది అసలైనదని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తప్పనిసరి అన్న నియమం లేదు. బొంబాయి, మద్రాసు, కలకత్తా సంగతి వేరుగా ఉండేది. ఆ ఊళ్ల నుంచి ఇక్కడికి వచ్చిన సలహాలు వినేటప్పుడు జాగ్రత్త.

సికింద్రాబాద్ గురించి మాట్లాడుతూ క్రైస్తవుల విషయంలో జరిగిన అన్యాయం చెప్పకపోతే ఉపన్యాసం అసంపూర్తి. 1925 భారత వారసత్వ చట్టంలో 118వ సెక్షన్ ఒకటి ఉండేది. అన్న కొడుకో, చెల్లెలి కూతురో, అంతకంటే దగ్గరి బంధువో ఉన్న క్రైస్తవుడు ధర్మకార్యానికి వీలునామాతో ఆస్తి ఇవ్వాలంటే, చావుకు కనీసం పన్నెండు నెలల ముందు రాసి ఉండాలి, రాసిన ఆరు నెలల్లో దాన్ని అధికారి దగ్గర జమ చేయాలి. లేకపోతే ఆ దానం చెల్లదు. మరణశయ్య మీద పాదిరి చెవిలో చెప్పి ఆస్తి రాయించుకుంటాడన్న ఇంగ్లండు భయం, సముద్రాలు దాటి వచ్చి మన చట్టంలో కూర్చుంది. హిందువులకు అది వర్తించదు, పార్శీలకు 1991లో మినహాయింపు ఇచ్చారు. మిగిలింది క్రైస్తవులే. కేరళకు చెందిన జాన్ వల్లమట్టం అనే పాదిరి వేసిన కేసులో 2003 జులై 21న సుప్రీంకోర్టు ఆ సెక్షన్ కొట్టేసింది. బొల్లారం నుంచి మెట్టుగూడ దాకా చర్చిలున్న ఈ ఊళ్లో ఆ సంగతి ఇంకా తెలియనివాళ్లు ఉన్నారు. పాత సెక్షన్ తలచుకుని, ఇప్పుడు రాసినా లాభం లేదులే అని ఆగిపోయేవాళ్లు ఉన్నారు. ఆగనక్కర్లేదు.

ముస్లింలకు వీలునామా మూడో వంతు దాకానే చెల్లుతుంది, అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మిగిలిన దానిలో. అంతకు మించి ఇవ్వాలంటే వారసులు ఒప్పుకోవాలి. వారసుల్ని వట్టి చేతులతో వదలకూడదన్న ఆ ఏర్పాటులో పెద్దరికం ఉందని నేను అనుకుంటాను. మూడో వంతు అన్న కొలత అందరికీ మంచి కొలతే.

హిందువుల విషయంలో కొలత లేదు, అస్పష్టత ఉంది. 1899లో లండన్ ప్రీవీ కౌన్సిల్ రణ్‌ఛోడ్‌దాస్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. వీలునామాలో ఆస్తి 'ధర్మానికి' ఖర్చు పెట్టమని ఉంది. ఏ ధర్మం? బావి తవ్వడమా, బ్రాహ్మణ భోజనమా, బడా? న్యాయమూర్తులకు తెలియలేదు, దానం చెల్లదన్నారు. ఆ తీర్పు సబబు కాదని వాదించే లాయర్లు ఉన్నారు, వాళ్లతో నాకూ సానుభూతి ఉంది. అయినా మీ ఆస్తిని ఆ వాదనకు పణం పెట్టకండి. 'పేదల మేలు కోసం' అని రాసి వదిలేసిన కాగితాలు నేను ఎన్నో చూశాను. రాసిన మనిషి మనసులో ఏ వీధి పేదలున్నారో ఆ మనిషితోనే పోయింది.

కంటోన్మెంటులో ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. బంగళా మీ తాతగారిది కావచ్చు, పన్ను మీరే కట్టవచ్చు. జనరల్ ల్యాండ్ రిజిస్టరులో ఆ స్థలం ఓల్డ్ గ్రాంట్ అని ఉంటే, కట్టడం మీద మీకు హక్కు ఉంటుంది, నేల మీద ఉండదు. సర్కారుకు తిరిగి తీసుకునే అధికారం ఉంటుంది. అలాంటి బంగళాను వృద్ధాశ్రమానికి రాసేస్తున్నాను అని ఆరుబయట సభలో ప్రకటించి శాలువా కప్పించుకునే ముందు ఒకసారి ఆ రిజిస్టరు నకలు తెప్పించుకోండి. డిఫెన్స్ ఎస్టేట్స్ ఆఫీసు గడప తొక్కకుండా ఆ దానం కదలదు. మీకు నేల హక్కు లేకపోతే కట్టడం విలువో, డిపాజిట్లో రాయండి. ఆశ్రమానికి వ్యాజ్యం ఇచ్చి పోవద్దు.

పన్ను గురించి చాలామంది అడుగుతారు. తక్కువే చెబుతాను, ఎందుకంటే చెప్పడానికి తక్కువే ఉంది. 1953లో పెట్టిన ఎస్టేట్ డ్యూటీ ఒకప్పుడు 85 శాతం దాకా ఎక్కింది, 1985 మార్చిలో రద్దయింది. అమెరికాలో ఆ పన్ను ఉంది, ధర్మసంస్థకు ఇచ్చింది దాని నుంచి తప్పించుకుంటుంది, అందుకే అక్కడ లాయర్లే వచ్చి దానం సంగతి గుర్తు చేస్తారు. ఇక్కడ భయమూ లేదు, తాయిలమూ లేదు. బతికుండగా చెక్కు ఇస్తే 80జీ అని మనం పిలుచుకునే రాయితీ కొందరికి దొరకవచ్చు, వీలునామాతో ఇచ్చినదానికి అది లేదు. పిల్లలు అమెరికా పౌరులైపోయి ఉంటే ఒక చిక్కు ఉంది. ఆస్తి వాళ్లకు వచ్చాక, వాళ్లు అదే డబ్బు ఇక్కడి సంస్థకు ఇవ్వబోతే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, చిన్న సంస్థలకు అది ఉండదు. మీరు భారత పౌరులుగా నేరుగా రాసి ఇస్తే ఆ తగాదా లేదు. 'మా అబ్బాయి చూసుకుంటాడు' అనే మాట వెనక ఈ చట్టం కూడా ఉందని గుర్తుంచుకోండి. అమెరికాలో స్థిరపడ్డ డాక్టర్ ఉమా గవిని 2022లో తాను చదివిన గుంటూరు వైద్య కళాశాల ఆసుపత్రిలో తల్లీబిడ్డల విభాగం కోసం 20 కోట్ల రూపాయల ఆస్తి ప్రకటించారు. భర్త పేరు పెట్టాలన్నారు. చేయి కదిలేటప్పుడే ఇచ్చారన్నది నాకు నచ్చిన సంగతి.

కొత్త ట్రస్టు పెట్టాలా, ఉన్న సంస్థకు ఇవ్వాలా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను: కోట్లలో ఆస్తి, ఇరవై ఏళ్లు పని చేయగల ముగ్గురు మనుషులు ఉంటే తప్ప కొత్త ట్రస్టు పెట్టకండి. తాతగారి పేరు మీద ట్రస్టు, దానికి పాన్ కార్డు, ఆడిటు, ఏటా రిటర్ను, ధర్మకర్తల్లో ఇద్దరు బావమరదులు. రెండో తరానికి బోర్డు మిగులుతుంది. సర్కారీ బడులు, ఆసుపత్రులు, ఏళ్లుగా నడుస్తున్న సంఘాలు మన దగ్గర ఉన్నాయి. వాటికి ఇవ్వండి. కాలేజీల్లో బంగారు పతకాలకు నిధి ఇచ్చే మోజు కూడా కొంచెం తగ్గించుకోవాలి. పదివేల రూపాయల నిధి మీద ఆరు శాతం వడ్డీ ఆరు వందలు. ధరలు అదే వేగంతో పెరిగితే పన్నెండేళ్లకు ఆ ఆరు వందల విలువ సగం అవుతుంది, ఇరవై నాలుగేళ్లకు పావు వంతు మిగులుతుంది. చివరికి వెండికి పూత పూసి ఇస్తారు, తర్వాత సర్టిఫికెట్ ఇస్తారు. వడ్డీలో కొంత ఏటా అసలులో కలపమని రాయండి. పతకం అన్నది మరీ తప్పదనుకుంటే, డబ్బు చాలనప్పుడు దాన్ని పేద విద్యార్థి ఫీజుకు మళ్లించే అధికారం కూడా రాయండి.

నేను వీలునామా రాసేటప్పుడు వాడే నాలుగు వాక్యాలు చదువుతాను. కావలసినవాళ్లు రాసుకోవచ్చు, దీనికి ఫీజు లేదు.

"నా భార్యకు, పిల్లలకు పైన రాసిన భాగాలు పోగా, ఫలానా బ్యాంకు ఫలానా శాఖలో నా పేరున ఉన్న డిపాజిట్ల మొత్తం, రిజిస్ట్రేషన్ నంబరు ఫలానా గల ఫలానా సంఘానికి చెందాలి. ఆ సొమ్ము మీద వచ్చే ఆదాయంలో నాలుగో వంతు ఏటా అసలులో కలపాలి, మిగతాది ఆ సంఘం ఆసుపత్రిలో డబ్బు కట్టలేని రోగుల మందులకు, ఆ మందుల గది నడిపే మనిషి జీతానికి ఖర్చు పెట్టాలి. నేను పోయేనాటికి ఆ సంఘం లేకపోయినా, ఈ సొమ్ము వద్దన్నా, సికింద్రాబాద్‌లో పేద రోగులకు వైద్యం చేస్తున్న మరో రిజిస్టరు సంస్థను నా ఎగ్జిక్యూటరు ఎంచుకోవచ్చు. నా ఎగ్జిక్యూటరు ఈ బాధ్యత తీసుకోలేకపోతే, ఇందులో రెండో పేరుగా రాసినవారు తీసుకోవాలి."

ఎగ్జిక్యూటరుగా పేరు రాసే ముందు ఆ మనిషిని అడగండి. సంఘాన్నీ అడగండి, చాలాసార్లు వాళ్లకు కావలసింది మీరనుకున్నది కాదు. పంతులు గారిలా మొత్తం ముందే ఇవ్వలేకపోయినా, రాసినదానిలో పదో వంతు ఈ ఏడాదే ఇచ్చి, వాళ్లు లెక్క ఎలా పంపుతారో చూడండి. లెక్క రాకపోతే వీలునామా మార్చుకునే హక్కు ఆఖరి ఊపిరిదాకా మీదే. ప్రశ్నలు ఉంటాయని తెలుసు. కంటోన్మెంటు వాళ్లవి ముందు తీసుకుంటాను.